ఆంగ్లేయుల పెండ్లిమాటలు, గడచిన వలపుమాటలు



కళాశాలనుండి వచ్చిన కూతురు టెలిఫోనులో స్నేహితురాలితో "దానికి బ్రేకప్ అయిందట", "వాడు దాని ఎక్స్" అనుచుండగా, వంటయింటనున్న తల్లి గుండె ఝల్లుమనుట నేడు మన యిండ్లలో వింత గాదు. ఆ మాటలు పుట్టిన దేశమున వాని బరువెంతయో తెలిసినచో తల్లి యంతగా బెదరదు; కూతురును వానిని మఱికొంత యెఱిగి వాడును. కావున ఈ మాసము ఆంగ్లేయుల పెండ్లిమాటలను, గడచిన వలపును గూర్చిన మాటలను కొన్నింటిని విచారింపదలచితిమి.

మొదట పెండ్లిమాటలు. 'వెడ్డింగు' అను పదమునకు మూలమైన 'వెడ్' అను ప్రాచీనాంగ్ల శబ్దమునకు పూచీ, ప్రతిజ్ఞ అని యర్థము. ఆడినమాట తప్పరాదను నియమము వారి పెండ్లి పేరులోనే యిమిడియున్నది. పెండ్లాడుటను వాడుకలో 'టై ది నాట్' అందురు; ముడివేయుట యని దాని భావము. మూడుముళ్ళెఱిగిన మనకిది వెంటనే బోధపడును. కాని వారి చర్చి పెండ్లిలో ఉంగరమే గాని మంగళసూత్రము లేదు; ముడి మాటలోనే యున్నది. తండ్రి పెండ్లికూతును వరునకప్పగించుటను 'గివ్ అవే' అందురు. ఇది మన కన్యాదానమునకు దగ్గఱి చుట్టము. 'పాప్ ది క్వశ్చన్' అనగా "నన్ను పెండ్లాడుదువా?" యని యడుగుట. మనలో పెద్దలు పెద్దలనడుగు ప్రశ్నను అక్కడ సాధారణముగా వరుడే వధువునడుగును. పెండ్లి దగ్గఱపడగా మనసు వెనుదీసినచో 'కోల్డ్ ఫీట్' వచ్చినవందురు; పాదములు చల్లబడినవని దాని యర్థము. 'హనీమూన్' 16వ శతాబ్దినుండి వాడుకలోనున్న మాట. తేనెవంటి తొలితీపి చంద్రునివలెనే క్షీణించునను చమత్కారమందు దాగియున్నది. నేడా హెచ్చరిక మఱుగుపడి విహారయాత్ర మాత్రము మిగిలినది.

ఇక గడచిన వలపు. ఒకప్పుడు ప్రేమించినవారిని 'ఓల్డ్ ఫ్లేమ్' అందురు, పాతజ్వాల యని. వేడిమి చల్లారినదని చెప్పుటయే గాని యందు నింద లేదు. విడిపోయిన పిదపను ప్రేమను విడువలేనివారు 'టార్చ్' మోయుచున్నారందురు, టార్చనగా దివిటీ. ఆ దుఃఖమునుండి గట్టెక్కుటను 'గెట్ ఓవర్' అందురు. 'బ్రేకప్' అనగా తెగిపోవుట. ఎవరు ఎవరిని విడిచిరో ఆ మాట చెప్పదు. 'డంప్' మాత్రము మోటుమాట. చెత్తను పాఱవేయుటకు చెప్పుమాటను మనుష్యులకు వాడుట మన పిల్లలకు తగదు.

'ఎక్స్' లాటిను భాషనుండి వచ్చిన ఉపసర్గము. మన పత్రికలు 'మాజీ మంత్రి' యన్నప్పటి 'మాజీ' వంటిదే. స్త్రీకిని పురుషునకును అదియొక్కటే మాట. ఇది విడిపోయిన ప్రియునకును, విడాకులు పొందిన భర్తకును చెల్లును. కాని మరణించిన భర్తను 'లేట్ హస్బెండ్' అనవలెనే గాని 'ఎక్స్ హస్బెండ్' అనరాదు. విదేశములందలి వారితో మాటాడునపుడు ఈ రెంటిని తాఱుమాఱు చేసిన వినువారి మనసు నొచ్చును.

ఆంగ్లమున నీ సమత్వము మొదటినుండియు ఉన్నది కాదు. వలచినవారిని వంచించి విడుచుటను తెలుపు 'జిల్ట్' అను మాట 17వ శతాబ్దిలో స్త్రీలపై విసరిన నిందగానే వాడబడెను. 'స్పిన్‌స్టర్' అనగా నూలు వడకునది. ఇంగ్లండు వివాహపత్రములలో అవివాహితను 2005వ సంవత్సరము వఱకును అట్లే వ్రాసిరి. ఆ యేటి డిసెంబరునుండి స్త్రీపురుషులిరువురకును 'సింగిల్' అనియే వ్రాయుచున్నారు. పెండ్లాడుదునని మాటయిచ్చి తప్పినవారిపై నష్టపరిహారమునకు దావా వేయు హక్కు కూడ పూర్వముండెను. డికెన్సు వ్రాసిన 'పిక్విక్ పేపర్స్' నవలలో అట్టి వ్యాజ్యమొకటి కలదు. 1970వ సంవత్సరపు చట్టముచే ఇంగ్లండు, వేల్సులలో ఆ హక్కు 1971 జనవరి 1వ తేదినుండి తొలగినది. దావాకు వెఱచి చేసికొను పెండ్లికంటె తప్పిన నిశ్చయమే మేలని వారు తలచిరి. చట్టముతోడను వాడుకతోడను మాటలు దిద్దబడుచు వచ్చినవి.

మన మాటల సంగతి యేమి? భారతమునందలి అంబ సాళ్వుని మనసున వరించినది. భీష్ముడు తన తమ్మునికై ఆమెను చెల్లెండ్రతో గూడ తెచ్చినపుడు దాచక నిజము చెప్పినది. భీష్ముడు పంపివేసెను, పరులు గెలిచి కొనిపోయినదానిని గైకొననని సాళ్వుడు త్రోసివేసెను. వలచినవారిరువురు, మచ్చ మాత్రము ఒక్కతెకే మిగిలినది.

అది పురాణకథ యని త్రోసివేయ వలనుపడదు. నిశ్చయమైన పెండ్లి తప్పినచో మనమేమందుము? "పీటలమీద పెండ్లి యాగిన పిల్ల" యందుము. అదే పీటలమీదనుండి లేచిన పిల్లవానికట్టి బిరుదు లేదు. వేఱుపడిన దంపతులలో ఆమెను "మగడు విడిచినది" యందుము. అతనిని పేరుపెట్టియే పిలుతుము. ఆ పిల్లకు మఱొక సంబంధము చూడబోవునపుడు ఆ మాటయే ముందుగా వీధి దాటి పోయి గడపలో అడ్డముగా నిలుచును.

ఆంగ్లేయుల ఆచారములన్నియు మనకు పథ్యములని మేము చెప్పుటలేదు. 'ఎక్స్' అను చిన్నమాటతో పెద్ద దుఃఖమును కప్పిపుచ్చుట వారిలోను కలదు. పిల్లలు ఆ మాటను నవ్వుచు అనినను నవ్వినంత సులువుగా ఆ గాయము మానదు. కావున తల్లి ఆ మాట విన్నపుడు కోపపడక, దాని వెనుక ఏడ్పున్నదేమో కనిపెట్టవలెను. పెండ్లి మాటలాడు చోట మన నోట "ఆ సంబంధము కుదరలేదు" అన్నమాటయే రావలెను. అది యిరువురకును సమానముగా చెల్లును, తెలుగుమాట, మన యింట ఎన్నడునున్నదే.