అంగడి వాకిట అంతఃకరణము

2012 జులై మాసమున అమెరికాలోని కొలరాడో రాష్ట్రమందలి లేక్‌వుడ్ పట్టణములో మాస్టర్‌పీస్ కేక్‌షాప్ అను దుకాణమునకు ఇద్దరు పురుషులు వచ్చి, తమ పెండ్లి విందునకు కేకు చేసిపెట్టుమని కోరగా, స్వలింగ వివాహము తన క్రైస్తవ విశ్వాసమునకు విరుద్ధమని యజమాని నిరాకరించెను. ఆ రాష్ట్రమున అట్టి వివాహమునకు నాటికింకను చట్టబద్ధత లేకపోయినను, లైంగికాభిరుచిని బట్టి కొనవచ్చినవారిని త్రిప్పి పంపరాదను శాసనము మాత్రము అప్పటికే అమలులో నుండెను. రాష్ట్ర పౌరహక్కుల కమిషను యజమానిదే తప్పని తేల్చినది. 2018 జూన్ 4న సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యముతో ఆ నిర్ణయమును త్రోసిపుచ్చెనుగాని, న్యాయమూర్తి ఆంథొనీ కెనెడీ వ్రాసిన ఆ తీర్పు, విశ్వాసము పేరిట వ్యాపారి అట్టి శాసనమును కాదనవచ్చునా అను మూలప్రశ్న జోలికి పోలేదు. మతస్వేచ్ఛ పేరిట పూర్వము బానిసత్వమును సైతము సమర్థించిరని కమిషను సభ్యులొకరు పలికిన పలుకులలో విశ్వాసముపట్ల వైరభావము ధ్వనించుటయు, స్వలింగ వివాహమును నిందించు వ్రాతలతో కేకులు చేయనొల్లని మూడు దుకాణములను అదే రాష్ట్రము తప్పుపట్టకుండుటయు దానికి ఆధారములైనవి.

మూలప్రశ్నకు సమాధానము 2023 జూన్ 30న, స్వలింగ వివాహములకు వెబ్‌సైట్లు చేయనొల్లని 303 క్రియేటివ్ సంస్థ వ్యాజ్యమున, 6–3 ఆధిక్యముతో వెలువడినది. పెండ్లి వెబ్‌సైటును రూపొందించుట వాగ్వ్యాపారమే యనియు, ఇష్టము లేని మాటను పౌరునిచే పలికించు అధికారము రాష్ట్రమునకు లేదనియు న్యాయమూర్తి నీల్ గోర్సచ్ తీర్మానించెను. అందరికిని సమానముగా వర్తించు శాసనమునుండి మతము పేరిట మినహాయింపు కోరుటకు 1990 నాటి స్మిత్ తీర్పు అడ్డుగా నుండుటచేతనే కాబోలు, విశ్వాసమునుగూర్చి మొదలైన వివాదము వాక్స్వాతంత్ర్యముపై తేలినది.

తాను నమ్మని ప్రశంసను ఎవనిచేతనైనను బలవంతముగా వ్రాయించుట అన్యాయమే. అంతవరకు ఈ తీర్పు సమంజసము. కాని పెండ్లికి సంబంధించిన ప్రతి వృత్తియందును ఎంతో కొంత కళ గలదు. పూలు గూర్చువాడును, పందిరి వేయువాడును, వంట చేయువాడును తమ పని వాక్కేయని వాదింపబూనినచో సమానత్వ శాసనమున మిగులునదేమి? జాతుల సమ్మేళనము తన మతమునకు విరుద్ధమని దక్షిణ కరోలినాలోని పిగ్గీ పార్క్ భోజనశాలల యజమాని చేసిన వాదమును 1968లో అదే సుప్రీంకోర్టు విచారణార్హమే కాదని త్రోసివేసినది. మన రాజ్యాంగ పరిషత్తునందు 1948 నవంబరులో అంబేద్కర్, దుకాణములలో వివక్షను నిషేధించు నిబంధన లోపలికి రానిచ్చుటతో ఆగదనియు, చాకలి, మంగలి మొదలగువారు వెలకు చేయు సేవలకును వర్తించుననియు వివరించెను. ఆ సేవలకు దళితులు నోచుకొనని గ్రామములను ఎఱిగిన మనకు ఆ విస్తృతి ఎంత యవసరమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఉత్తర ఐర్లండులోని ఆషర్స్ బేకరీ వ్యాజ్యమున 2018లో బ్రిటిష్ సుప్రీంకోర్టు చూపిన మార్గము ఇంతకంటె స్పష్టమైనది: స్వలింగ వివాహమును సమర్థించు నినాదమును కేకుపై వ్రాయనన్న దుకాణదారుని యభ్యంతరము సందేశముపైనే కాని మనిషిపై కాదని, ఆ నినాదమును ఎవరడిగినను అతడు కాదనియుండునని, అది గ్రహించినది. మాట యొక్కటియు లేని కేకును, నలుగురికి అమ్మునట్టిదానినే, ఒకరికి మాత్రము నిరాకరించుట ఈ కొలతకు నిలువదు. ఏ వృత్తులు వాక్కు క్రిందికి వచ్చునో 303 క్రియేటివ్ తీర్పు గీత గీయక విడిచినది. ఛాయాగ్రాహకుల, పూలవర్తకుల వ్యాజ్యములందు క్రింది న్యాయస్థానములు ఆ గీతను సందేశముచుట్టు మాత్రమే, మిక్కిలి సన్నిహితముగా, గీయవలసియున్నది.