కారు బియ్యంతో నడుస్తుందా?

కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు సొంత భాష ఒకటి ఉంటుంది. అందులో ముద్దు పేర్లు ఎన్నో, తిట్లూ అన్నే. అమెరికాలో ఆ భాషలో దశాబ్దాలుగా చలామణీ అవుతున్న మాట ‘రైస్’. పాత హోండా సివిక్‌కు విమానం తోకంత రెక్క తగిలించి, చెవులు చిల్లులుపడే సైలెన్సర్ బిగించి, ఒళ్లంతా స్టిక్కర్లు అంటించి, ఇంజన్ జోలికి మాత్రం పోని కుర్రాడు ‘రైసర్’. వాడు తోలేది ‘రైస్ రాకెట్’. అంతకుముందు తరం జపాన్ మోటార్‌సైకిళ్లను ‘రైస్ బర్నర్’ అనేది. అంటే బియ్యం మండించుకుని నడిచే బండి. పెట్రోలుతో నడిచేదానికి బియ్యం పేరు ఎందుకు అంటుకుంది?

హోండా 1959లో లాస్‌ఏంజెలిస్‌లో అమెరికా శాఖ తెరిచింది. చిన్న బండ్లతో మొదలుపెట్టి 1969కల్లా సీబీ750ని మార్కెట్లోకి దించింది. నాలుగు సిలిండర్లు, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, మీట నొక్కితే స్టార్టయ్యే ఇంజన్. స్వదేశీ బండ్ల అభిమానులకు అందులో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. దాంతో ఎగతాళి బండిని వదిలి, దాన్ని తయారు చేసినవాళ్ల కంచం మీద పడింది.

ఆ తర్వాతి కథ నవ్వులాట కాదు. 1973 చమురు సంక్షోభంతో తక్కువ పెట్రోలు తాగే జపాన్ చిన్న కార్లకు గిరాకీ పెరిగింది. 1980లో వాహనాల ఉత్పత్తిలో జపాన్ అమెరికాను దాటేసింది. డెట్రాయిట్‌లో వేలాది కార్మికులు రోడ్డున పడ్డారు. 1982 జూన్‌లో ఆ నగరాన్ని ఆనుకుని ఉన్న హైలాండ్ పార్క్‌లో విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ల డ్రాఫ్ట్స్‌మన్‌ను ఓ క్రిస్లర్ సూపర్‌వైజర్, కార్ల పరిశ్రమలో పని పోగొట్టుకున్న అతని సవతి కొడుకు వెంటాడి పట్టుకున్నారు. సూపర్‌వైజర్ బేస్‌బాల్ బ్యాటుతో కొట్టిన దెబ్బలకు చిన్ ప్రాణాలు పోయాయి. మీవల్లే మాకు పనుల్లేకుండా పోయాయని అంతకుముందు బార్‌లో తిట్టారన్నది సాక్షి కథనం. నిజానికి చిన్ జపాన్‌వాడు కాడు, చైనా మూలాలున్న అమెరికన్. కొద్ది రోజుల్లో పెళ్లి. 1983లో రాష్ట్ర కోర్టు ఇద్దరికీ వేసింది మూడేళ్ల ప్రొబేషన్, తలా 3,000 డాలర్ల జరిమానా. తర్వాత ఫెడరల్ కోర్టు సూపర్‌వైజర్‌కు విధించిన 25 ఏళ్ల జైలు శిక్ష అప్పీల్లో రద్దయింది. 1987 పునర్విచారణలో అతను నిర్దోషిగా బయటపడ్డాడు.

ఒక మాటే ఆ హత్య చేయించిందనడం అన్యాయం. కానీ కారు మీది కోపం ముఖం మీది కోపంగా మారడానికి దారి ఎక్కడుందో ఆ మాట చూపిస్తుంది. వస్తువును జాతి పేరుతో తిట్టడం అలవాటైన నోటికి, ఆ జాతివాడిలా కనిపించే ఎవరినైనా వస్తువులా చూడటం కష్టం కాదు.

ఈ మాటను వెనకేసుకొచ్చేవాళ్ల వాదనలూ వినదగ్గవే. ఇప్పుడది జాతికి సంబంధించింది కాదంటారు. ఫోర్డ్ కారును అలా సింగారించిన తెల్ల కుర్రాడినీ రైసర్ అనే అంటారు. నిజమే. కానీ అప్పుడు ఆ తెల్ల కుర్రాడికి తగిలే తిట్టు ఏమిటి? నువ్వూ ఆసియావాడిలా చేశావని. ఇక రైస్ అంటే బియ్యం కాదు, ‘రేస్ ఇన్‌స్పైర్డ్ కాస్మెటిక్ ఎన్‌హాన్స్‌మెంట్’కు పొట్టిపేరని మరికొందరు చెబుతారు. మాట ముందు పుట్టింది, ఈ విస్తరణ తర్వాత అతికించారు. మాటలో మచ్చ లేకపోతే దానికి కొత్త జాతకం రాయాల్సిన అవసరం ఏమొచ్చింది? 1990ల్లో దక్షిణ కాలిఫోర్నియాలో ఈ కార్ల సంస్కృతిని పెంచిన ఆసియా మూలాల కుర్రాళ్లలో కొందరు ఆ పేరును తామే సరదాగా తగిలించుకున్న మాటా వాస్తవమే. ఇంట్లోవాళ్లు పెట్టుకున్న వెక్కిరింత పేరుతో వీధిలోవాడు పిలిస్తే ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు.

కార్ల మీద జోకు జనం మీదికి మళ్లడం అమెరికాకే పరిమితం కాలేదు. 2011లో బీబీసీ ‘టాప్ గేర్’ కార్యక్రమంలో ఓ మెక్సికో కారు గురించి మాట్లాడుతూ వ్యాఖ్యాతలు మెక్సికన్లు సోమరులన్నారు. ఆ దేశ రాయబారి అభ్యంతరం చెప్పడంతో బీబీసీ ఆయనకు క్షమాపణ చెప్పింది. అయితే దేశాల మీద ఇలాంటి మూస హాస్యం బ్రిటిష్ సంప్రదాయంలో భాగమేనని సమర్థించుకుంది కూడా.

మనకెందుకీ గొడవ అనుకోవడానికి లేదు. అమెరికా వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది మొదట కొనేది సెకండ్‌హ్యాండ్ టయోటా కరోలానో హోండా సివిక్కో. తినేది అన్నమే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలాతేలో హైదరాబాద్ ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు ఆయన్ను ఇరాన్ దేశస్తుడనుకున్నాడు. చైనా మూలాలవాడిలో జపాన్‌ను చూసినట్టే, తెలుగువాడిలో ఇరాన్‌ను చూశాడు. ద్వేషం ఎప్పుడూ చిరునామా సరిచూసుకోదు. అలాగని మన నోళ్లేం శుభ్రంగా లేవు. నాసిరకం ఫోన్‌ను ‘చైనా మాల్’ అని నవ్వే నోళ్లే ఢిల్లీ నుంచి బెంగళూరు దాకా మణిపురి, నాగా విద్యార్థులను ‘చింకీ’ అంటాయి. 2014లో అరుణాచల్ యువకుడు నిడో తానియా ఢిల్లీలో దాడికి గురై మరణించాక కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేయాల్సి వచ్చింది.

అయితే చెత్తగా సింగారించిన కారును చెత్త అనకూడదా? తప్పకుండా అనాలి. రెక్క దండగన్నా, చప్పుడే తప్ప వేగం లేదన్నా ఎవరి మనసూ విరగదు. పరీక్ష చాలా తేలిక. విమర్శలోంచి జాతిని తీసేసి చూడాలి. చెప్పదలచుకున్నది అప్పటికీ చెప్పగలిగితే ఆ జాతి అక్కడ అనవసరం. చెప్పలేకపోతే, చెప్పదలచుకున్నది కారు గురించి కాదన్నమాట. అలాంటి బండిని ఉన్నదున్నట్టు తిట్టడానికి తెలుగులో పాత మాటే ఉంది: పైన పటారం, లోన లొటారం. అందులో ఎవరి కంచమూ లేదు.