ర్యాంకుల్లో లేని ఆ అయిదుగురు

“అది జూదం కాదు వదినా, లెక్కలు. పిల్లల బుర్ర పదునెక్కుతుంది.”

కాలేజీ ఫుట్‌బాల్ ఫాంటసీ లీగుల గురించి మా డాలస్ చుట్టుపక్కల తెలుగు మగవాళ్ళు చెప్పే మాట ఇది. ఆగస్టు రాగానే తండ్రీ కొడుకులు ఒకే సోఫాలో కూచుని, ఈ ఏడు ఏ క్వార్టర్‌బ్యాక్ ఎన్నో ర్యాంకు అని జాబితాలు రాస్తారు. మనం పక్కన పకోడీలు వేస్తుంటాం. మగవాళ్ళ గోల మనకెందుకులే అనుకుంటాం. నేనేమంటానంటే, ఆ జాబితా మనమే చదవాలి. అందులో ఎవరు లేరో వాళ్ళకన్నా ముందు మనకే కనపడుతుంది.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికా ఫుట్‌బాల్లో ఒక్కో వైపు పదకొండు మంది. బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. అతను విసురుతాడు, లేదా పక్కవాడికి ఇస్తాడు, లేదా తనే పట్టుకుని పరిగెడతాడు. టీవీలో కనిపించేది అతని ముఖమే. అతని ముందు అయిదుగురు గోడ కట్టినట్టు నిలబడతారు. మధ్యలో సెంటర్, అటూ ఇటూ ఇద్దరు గార్డులు, వాళ్ళ పక్కన ఇద్దరు టాకిల్స్. ఒక్కొక్కడూ 300 పౌండ్ల మనిషి, అంటే దగ్గర దగ్గర 136 కిలోలు. వాళ్ళ పనల్లా అవతలివాళ్ళు వచ్చి క్వార్టర్‌బ్యాక్ మీద పడకుండా ఆపడం. మామూలుగా అతను విసిరిన పాస్ పట్టుకోవడానికి కూడా నియమాలు వాళ్ళని ఒప్పుకోవు. ఆట మొదలయ్యేది సెంటర్ బంతిని వెనక్కి అందిస్తేనే. ఆ తర్వాత ఆ బంతితో అతనికి సంబంధం లేదు.

ఇక ఫాంటసీ అంటే, మన దేశంలో క్రికెట్‌కి డ్రీమ్ ఎలెవెన్ లాంటిదే. నిజం ఆటగాళ్ళని ఏరుకుని కాగితం మీద సొంత జట్టు కట్టుకోవాలి. శనివారం నిజం మ్యాచ్‌లో వాళ్ళు చేసినదానికి మనకి పాయింట్లు వస్తాయి. ఎక్కువ లీగుల్లో లెక్క ఇలా ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్ పాసుల మీద పాతిక గజాలు సంపాదిస్తే ఒక పాయింటు, పాస్ మీద టచ్‌డౌన్ వస్తే నాలుగు. తనే పరిగెడితే పది గజాలకే ఒక పాయింటు, పరుగెత్తి టచ్‌డౌన్ చేస్తే ఆరు. బంతి అవతలివాళ్ళ చేతిలో పడితే ఒకటో రెండో పోతాయి.

ఆ అయిదుగురికి ఎన్ని? సున్నా. అసలు వాళ్ళని ఏరుకునే వీలే లేదు, వాళ్ళ పేరున గడి కూడా ఉండదు.

ఇంకో తమాషా చెప్తాను. కాలేజీ ఫుట్‌బాల్ లెక్కల్లో, గోడ విరిగి క్వార్టర్‌బ్యాక్‌ని వెనక్కి పడగొడితే, పోయిన గజాలని అతని పరుగుల్లోంచి తీసేస్తారు. యాభై గజాలు పరిగెత్తి, ముప్పై గజాల మేర పడగొట్టించుకుంటే పుస్తకంలో ఉండేది ఇరవై. అంటే ఆ అయిదుగురూ పని బాగా చేస్తే ఎక్కడా రాయరు, ఒక్కసారి తప్పితే మైనస్ కనబడుతుంది. అదీ వాళ్ళ పేరు మీద కాదు. రిఫరీ మైకులో వాళ్ళ నంబరు చదివేది కూడా తప్పు చేసి పెనాల్టీ పడినప్పుడే. సాంబారులో ఉప్పు తక్కువైన రోజున తప్ప వంట చేసిన మనిషి గుర్తుకురాని ఇళ్ళలో బతికిన మనకి, దీన్ని ఎవరైనా కొత్తగా వివరించాలా?

మా వారితో ఈ మాటంటే “నంబర్లు అబద్ధం చెప్పవు” అన్నారు. నంబర్లు చెప్పవు సరే, పాస్ టచ్‌డౌన్‌కి నాలుగు అని పెట్టిందెవరు? కొన్ని లీగుల్లో ఆరు ఇస్తారు. ఆరు చేయగానే పరుగు తక్కువ, విసురు ఎక్కువ ఉన్న కుర్రాడు జాబితాలో పైకి ఎగబాకుతాడు. కుర్రాడు అతనే, భుజం అదే. ఎంసెట్‌లో ఇంటర్ మార్కుల వెయిటేజీ కలిపితే ఒక ర్యాంకు, తీసేస్తే ఇంకో ర్యాంకు వచ్చిన సంగతి ఈ తండ్రులందరికీ తెలుసు. అప్పట్లో ఆ ర్యాంకు చూసి తమని కొలిచినవాళ్ళని ఇప్పటికీ తిట్టుకుంటారు కూడా. మరి ఇదేమిటో!

2023 సీజన్ తీసుకోండి. మిషిగన్ యూనివర్సిటీ ఆ ఏడు పదిహేనుకి పదిహేను గెలిచి దేశం మొత్తానికి ఛాంపియన్ అయింది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జె.జె. మెకార్తీ. నవంబర్లో పెన్ స్టేట్ మీద పెద్ద మ్యాచ్‌లో అతను విసిరింది ఎనిమిది పాసులు, వచ్చింది 60 గజాలు. ఆట రెండో సగమంతా మిషిగన్ దాదాపు బంతి విసరడమే మానేసి, ముందున్న గోడని నమ్ముకుని నెట్టుకుంటూ పోయింది. 24-15తో గెలిచింది. ఆ పాసులకి ఫాంటసీలో మెకార్తీకి పడింది రెండున్నర పాయింట్లు కూడా కాదు. గెలిచిన రోజున అతన్ని ఏరుకున్నవాళ్ళు అతన్నే తిట్టుకునే లెక్క ఇది.

అదే నవంబరు, అదే శనివారం, లూసియానాలో ఎల్‌ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ ఫ్లోరిడా మీద 372 గజాలు విసిరి, 234 గజాలు పరిగెత్తాడు. పైన చెప్పిన లెక్క వేస్తే అరవై రెండు పాయింట్లు దాటుతుంది. ఆ ఏడాది హైస్మన్ ట్రోఫీ అతనికే ఇచ్చారు, తగినవాడే. ఎల్‌ఎస్‌యూ మాత్రం ఆ సీజన్లో మూడు మ్యాచ్‌లు ఓడిపోయింది. ఫాంటసీ ర్యాంకుల్లో డేనియల్స్ ఆకాశంలో, మెకార్తీ ఎక్కడో కింద. ఆట గెలిపించడం ఒక పని, పాయింట్లు తెచ్చిపెట్టడం ఇంకో పని అని మా అబ్బాయికి లెక్కలు నేర్పించే పెద్దమనుషులు ఒక్కరూ చెప్పలేదు.

ఇక్కడే నాకు అసలు కడుపు మండేది. డేనియల్స్ ఆ ఫ్లోరిడా మ్యాచ్ ఆడడానికి సరిగ్గా వారం ముందు, అలబామా మీద ఆడుతూ దెబ్బ తిని తలకి కంకషన్ అనుమానంతో నాలుగో క్వార్టర్లో బయటికి వెళ్ళాడు. పరీక్షలన్నీ దాటే తిరిగి దిగాడు, కాదనను. కానీ ఆ వారం ఫాంటసీ ఆడేవాళ్ళు ఆ కుర్రాడి గురించి వేసుకునే ప్రశ్న ఏమిటి? శనివారానికి ఆడతాడా, ఆడడా, బదులు ఎవరిని పెట్టాలి. తల ఎలా ఉంది అన్నది కూడా అందుకోసమే కావాలి. పాయింట్ల పద్ధతి మళ్ళీ చూడండి. విసిరితే పాతిక గజాలకి వచ్చేది, పరిగెడితే పది గజాలకే వస్తుంది. కాబట్టి పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ ర్యాంకు పైన. పరిగెత్తడం అంటే గోడ వదిలి బయటికి రావడం, అంటే ఎక్కువ దెబ్బలు తినడం. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ కుర్రాడు ఎంత ఎక్కువ దెబ్బ తినే దారిలో వెళ్తే మనకి అంత లాభం అని చెప్పే జాబితాని పట్టుకుని, పిల్లల బుర్ర పదునెక్కుతుందంటే నేను ఒప్పుకోను. ఎవరో తల్లి స్టాండ్స్‌లో కూచుని గుండె చేత్తో పట్టుకుని చూస్తుంటుంది. మన వాడు ఇక్కడ ఫోను చూసి “ఛ, నా పిక్ వేస్ట్ అయింది” అంటాడు. మా ఇంట్లో ఈ మాట వినపడింది. ఆ పూట ఇంట్లో జరిగింది ఇక్కడ రాయను కానీ, ఆ మాట మళ్ళీ వినపడలేదు.

ఈ ర్యాంకుల పిచ్చి పిల్లల ఫోన్లలోనే ఉంటే బాధ లేదు. పెద్ద పెద్ద వాళ్ళ నిర్ణయాల్లోకీ పాకింది. అదే 2023 నవంబర్లో ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. అతను లేకుండానే ఆ జట్టు మిగిలిన రెండు మ్యాచ్‌లూ గెలిచి, పదమూడుకి పదమూడు అయింది. అయినా డిసెంబర్లో నాలుగు జట్ల ప్లేఆఫ్‌కి కమిటీ వాళ్ళని తీసుకోలేదు, ఒక మ్యాచ్ ఓడిన అలబామాని తీసుకుంది. ట్రావిస్ లేని జట్టు వేరే జట్టన్నారు. ఒక్క మ్యాచ్ ఓడని పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్‌ని అలా బయట పెట్టడం అదే మొదటిసారి. దానికి ట్రావిస్ ఏమన్నాడో తెలుసా? నా కాలు సీజన్ మొదట్లోనే విరిగి ఉంటే బాగుండేది, ఈ జట్టంటే క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే కాదని మీకు తెలిసేది అన్న అర్థంలో రాశాడు. మంచం మీదున్న పిల్లాడికి ఉన్న ఇంగితం కమిటీకి లేకపోయింది.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, నాకు ఊరికే విరాటపర్వం గుర్తుకొస్తుంది. కౌరవుల్ని గెలిచి ఆవుల్ని మళ్ళించింది బృహన్నల. విరాటరాజేమో పాచికలాడుతూ, మా ఉత్తరుడు గెలిచాడు, మా ఉత్తరుడు గెలిచాడు అని పొంగిపోతుంటాడు. బృహన్నల తోడుంటే గెలవక ఏం చేస్తారు అని కంకుభట్టు అన్నందుకు పాచిక తీసి ముఖాన కొడతాడు. తిక్కనగారు ఆ సన్నివేశం రాసి ఏడొందల ఏళ్ళు దాటింది. పాచికలు పోయి ఫోన్లు వచ్చాయి. అంతకు మించి ఏం మారిందో మీరే చెప్పండి.

“ఇప్పుడు వాళ్ళకి డబ్బులొస్తున్నాయి కదా, ఇంకా జాలెందుకు” అని మా మరిది గారి వాదన. వస్తున్నాయి, నిజమే. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా ఇవ్వొచ్చు, మొదటి ఏడు ఒక్కో స్కూలుకి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. కానీ ఫాంటసీలో పేర్లు వాడుకున్నందుకు కాదు. మా పేర్లూ మా లెక్కలూ అడక్కుండా వాడుకున్నారని ముగ్గురు మాజీ కాలేజీ ఆటగాళ్ళు ఫాన్‌డ్యూయల్, డ్రాఫ్ట్‌కింగ్స్ మీద కేసు వేస్తే, ఇండియానా సుప్రీంకోర్టు 2018లో అవి వార్తల్లాంటివి, అనుమతి అక్కర్లేదని చెప్పింది. చట్టం వాళ్ళవైపు ఉంది. ఉంటే ఉండనీ. నేను కోర్టుకి వెళ్ళడం లేదు, నా ఇంట్లో సోఫా గురించి మాట్లాడుతున్నాను. పైగా డబ్బిచ్చాం కాబట్టి మనిషిని సరుకులా లెక్కేయొచ్చన్న వాదన ఆడవాళ్ళ ముందు తేకపోతే మంచిది. ఆ వాదన మనం చాలా చోట్ల విన్నాం.

గోడ పనిని కొలవడం కుదరదు, అందుకే పాయింట్లు లేవంటారు. కుదరకేం? జో మూర్ అవార్డని ఒకటుంది, 2015 నుంచి ఇస్తున్నారు. దేశంలో అన్నిటికన్నా బాగా ఆడిన ముందు వరసకి, మొత్తం వరసకి కలిపి ఇస్తారు. ఒక్కడి పేరు ఏరరు. 2023లో అది వాషింగ్టన్ యూనివర్సిటీకి వచ్చింది. ఆ ఏడే వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్ హైస్మన్‌లో రెండోవాడు, జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. చూసేవాళ్ళు చూస్తే కనబడుతుంది. మనవాళ్ళు చూడరు, ఎందుకంటే చూస్తే కష్టం. అయిదుగురు కలిసి చేసే పని చూడాలంటే బంతి మీంచి కళ్ళు తీయాలి.

ఆట చూడొద్దని నేననను. నేనూ చూస్తాను, టెక్సస్ యూనివర్సిటీ ఆడితే మా ఇంట్లో గట్టిగా అరిచేది నేనే. ఫాంటసీ ఆడొద్దని పూర్తిగా ఆపేంత అధికారమూ ఇంట్లో నాకు లేదు. డబ్బు పెట్టే లీగులు మాత్రం లేవు. అది మా వారూ ఒప్పుకున్నారు, ఆలస్యంగానైనా. ఇంకో నియమం నేను పెట్టాను. ఇంట్లో ఎవరైనా క్వార్టర్‌బ్యాక్‌ని ఏరుకోవాలంటే, అతని ముందు నిలబడే అయిదుగురి పేర్లూ ముందు చెప్పాలి. సెంటర్ ఎవరు, కుడి గార్డు ఎవరు, ఎడమ టాకిల్ ఎవరు. ఫోన్ చూసి చదివినా సరే, పైకి చదవాలి. మొదటిసారి మా అబ్బాయికి ఒక్క పేరూ రాలేదు. ఇప్పుడు మూడు జట్లవి కంఠతా వచ్చు. ఎడమ టాకిల్ కొత్తవాడైతే ఆ క్వార్టర్‌బ్యాక్‌ని నమ్మకూడదని వాళ్ళ నాన్నకే చెప్తున్నాడు. లెక్కలు నేర్పడం అంటే నాకు తెలిసి ఇదీ.

మీ ఇళ్ళలోనూ పెట్టి చూడండి. ఈ ఏడు మా ఇంటికి లీగు వాళ్ళు పదిమంది వస్తామన్నారు. బిర్యానీ చేస్తానని చెప్పాను. అయిదు పేర్లు చెప్పినవాళ్ళకే ప్లేటు. రానివాళ్ళకి పెరుగన్నం ఉంటుంది, మాగాయ వేసుకుని తినొచ్చు.