777 కొట్టడం మానేద్దాం



మా ల్యాబులో లినక్స్ సర్వర్ ఒక్కటే, అందరం అందులోనే లాగిన్ అవుతాం. మొన్న ప్రాక్టికల్స్‌లో మా హాస్టల్ వాళ్ల స్క్రిప్టులు వరసపెట్టి ‘పర్మిషన్ డినైడ్’ అని ఆగిపోయినయ్. మాకే రాదనుకుని నోరు మెదపలేదు, మార్కులు పోయినయ్. ‘చ్‌మోడ్ 777 కొట్టు, లేదంటే సుడో’ అన్నారు పక్కవాళ్లు. చ్‌మోడ్ కొడితే ఒప్పుకోలేదు. సుడో మాకెవరిస్తారు?

తర్వాత ‘ఎల్ఎస్ మైనస్ ఎల్’ కొట్టి చూస్తే తెలిసింది. రికార్డులో ఉన్న స్క్రిప్టే అందరం దించాం కదా, అందరిదీ టీఎంపీ ఫోల్డర్‌లో ఒకటే ఫైల్ పేరు. ముందు రన్ చేసినవాళ్లే దానికి ఓనర్. పర్మిషన్ 644, అంటే మిగతావాళ్లు చదవొచ్చు, రాయలేరు. టీఎంపీకి స్టిక్కీ బిట్ ఉంటుంది కాబట్టి తీసేయనూ లేరు. ఓనర్ 777 ఇచ్చినా, ఎవరైనా వచ్చి మన అవుట్‌పుట్ చెరిపేయొచ్చు. అది కూడా ఒక పరిష్కారమేనా?

పేరు మనం పెట్టొద్దు. ‘ఎంకేటెంప్’ ప్రతిసారీ కొత్త పేరుతో, 600 పర్మిషన్‌తో ఫైల్ ఇస్తుంది. దాన్ని వేరియబుల్‌లో పెట్టుకుని, ‘ట్రాప్’తో ఎగ్జిట్‌లో తుడిచేస్తే చాలు.

ఇళ్లల్లో మొదట కాలేజీకొచ్చింది మనమే. అడిగితే నవ్వుతారని, ఎవరేం చెప్తే అది కొట్టేస్తున్నాం. ఆదివారం టిఫినయ్యాక మా రూముకు రండి, ఆగిపోయిన స్క్రిప్టులు కలిసి చూద్దాం.