రిపేరుకు పొయ్యే పర్మిట్‌తో పిల్లోణ్ణి ఎక్కిస్తారా?

మేము తమిళ బడిలో చదివి, ఇంట్లో తెలుగు నేర్చినవాళ్ళం. రాతలో తప్పుంటే మన్నించండి. విషయంలో తప్పుంటే మన్నించొద్దు, అడగండి.

పోయిన ఆదివారం మీటింగులో మన సభ్యుని మనవడు చెప్పింది అందరూ విన్నారు. పైలట్ ట్రైనింగులో ఉన్నాడు. చిన్న విమానంలో ఒక పక్క బ్రేకు సరిగా పట్టలేదని చెప్తే, "ఈ రౌండు ముగించు, లాగ్ బుక్కులో తర్వాత రాద్దాం" అన్నారంట. వాడు ఎక్కలేదు. దానికి మనవాళ్ళే ఏమన్నారు? "ఇంత ఫీజు కట్టినాం, అడ్జస్ట్ చేసుకోరా. రిపేరున్న విమానం ఎగరడానికి కూడా పర్మిట్ ఇస్తారంట కదా!"

ఇస్తారు. దేనికిస్తారో అడిగినారా?

మన దేశంలో విమానానికి పెద్ద దెబ్బ తగిలినా, పెద్ద లోపం వచ్చినా దాని ఎయిర్‌వర్తీనెస్ సర్టిఫికెట్ నిలిచిపోయినట్టే లెక్క. చిన్న లోపమైనా పుస్తకంలో రాయాలి, లైసెన్సున్న ఇంజనీరు చూసి సంతకం చెయ్యాలి. స్పెషల్ ఫ్లైట్ పర్మిట్ అనేది వేరే. ఉన్నచోట బాగుచెయ్యలేని విమానాన్ని రిపేరు జరిగే చోటికి చేర్చడానికి డీజీసీఏ ఇచ్చే అనుమతి అది. అంతదూరం క్షేమంగా పోగలదా అని ముందు చూస్తారు. నడిపేదానికి కావలసినవాళ్ళు తప్ప ఎవరూ ఎక్కకూడదు. అమెరికాలో కూడా ఇదే పద్ధతి. మన హోసూరు పక్కన బెలగొండపల్లిలో విమానాల రిపేరు జరుగుతుంది. అట్లాంటి చోటికి పోవడానికే ఆ పర్మిట్, పాఠం చెప్పడానికి కాదు. ఆస్పత్రికి పొయ్యే రోగిని దారిలో పెండ్లికి దింపుతామా?

మేము రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం. చెడిన వ్యాగన్‌ను 'సిక్' అని గుర్తుపెట్టి సిక్ లైనుకు తోస్తారు. ఎట్లా కదులుతోంది కదా అని దాంట్లో సరుకు నింపి పంపరు. అయినా రైలు చెడితే పట్టాల మీద నిలుస్తుంది. విమానం ఎక్కడ నిలుస్తుందప్పా?

ఖర్చు మాకూ తెలుసు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఒక్కొక్క గంటా డబ్బే. ఆలస్యమైతే హాస్టల్ బాడుగ. అమ్మానాన్నల బాధ తప్పుకాదు. కానీ వాడు ఒంటరిగా ఎగిరిన దినం ఏమన్నా అయితే మొదట అడిగేది పైలట్‌నే. తర్వాత రాద్దాం అన్నవాళ్ళ మాట ఏ పుస్తకంలోనూ ఉండదు.

అందుకే మేము అడిగేది రెండే. లోపం రాసేదాకా ఎక్కను అన్న పిల్లల పక్షాన సంఘం లెటర్‌హెడ్ మీద ఆ స్కూలుకు లేఖ పోవాలి, డీజీసీఏకు కాపీ పెట్టాలి. ఆలస్యమైన నెలల హాస్టల్ ఖర్చు విద్యానిధి నుంచి ఇవ్వాలి.

సన్మానానికి శాలువా కొనే సంఘం ఈ మాత్రం చెయ్యలేదా? వచ్చే మీటింగులో చేతులెత్తి చెప్పండి. అందాకా ఆ పిల్లోణ్ణి ఎవరూ "అడ్జస్ట్ చేసుకో" అనొద్దు.