ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళారా?

సెలవులు రాగానే పిల్లలు అరకు అనో, బొర్రా గుహలు అనో గొడవ మొదలెడతారు కదండీ! ఈసారి భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్ళండి. విజయనగరం వాళ్ళు పద్మనాభం మీదుగా, శ్రీకాకుళం వాళ్ళు తగరపువలస దగ్గర హైవే వదిలి భీమిలి చేరాలి. అక్కణ్ణించి విశాఖ వైపు బీచ్ రోడ్డులో కొద్ది దూరమే.

రోడ్డు మీంచి చూస్తే చెట్లూ తుప్పలే. లోపలికి దిగితే మాత్రం మనకంటే ఎత్తైన ఎర్రగోడలు, మధ్యన సందులు. కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన నడవలేరు. మా పాప "అమ్మా, ఎవరు కట్టారే?" అంది. ఎవరూ కట్టలేదండీ. వేల ఏళ్ళ కిందట సముద్రం బాగా వెనక్కి పోయినప్పుడు గాలి, నీరు తెచ్చిపోసిన ఇసుక ఇది. ఇనప పెనం తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది చూడండి, ఇసుక రేణువులకు పట్టిన ఆ ఇనుమే ఈ ఎరుపు. ఇంటి ముందు పోసిన ఇసుక కుప్పని వాన కోసినట్టే, ఈ సందుల్నీ వాననీళ్ళే కోశాయి.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళు ఏంటెలోప్ కేన్యన్ ఫొటోలు చూసే ఉంటారు. ఎడారిలో అలాంటి సన్నటి సందే, కాకపోతే అది రాయి. 1997 ఆగస్టులో ఎక్కడో దూరాన పడ్డ వానకు ఒక్కసారిగా వరద వచ్చి, అక్కడ 11 మంది పోయారు. మనది రాయి కూడా కాదు, ఇసుకమట్టి. అందుకే వానొచ్చే రోజున దిగనే దిగొద్దు. గోడల కింద తవ్వి ఆడతామంటే పిల్లల్ని గట్టిగా కేకలెయ్యండి, పైనుంచి విరిగి పడితే ఏం చేస్తాం?

మా వదిన తులసికోట కోసం ఒక సంచీ తీసింది. "ఏటైపోద్ది, సంచీడు మన్నుకి?" అంది. వదినా, వచ్చినవాళ్ళందరూ తలో సంచీ పట్టుకుపోతే ఏం మిగుల్తుంది? గాలి, నీరు వేల ఏళ్ళు పోసినదాన్ని మళ్ళీ ఎవరు పోస్తారు? జియలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ భూవారసత్వంగా గుర్తించిన చోటు ఇది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. పైగా ఇందులో ఇసుకే ఎక్కువ, కోట అలికితే నిలవదు కూడానూ! ఆ చివరి మాటకే వదిన సంచీ మడిచింది. గోడలమీద పేర్లు చెక్కేవాళ్ళకి ఏం చెప్పాలో మాత్రం నాకు తెలీదు.

నీళ్ళు దండిగా పట్టుకెళ్ళండి, లోపల నీడ తక్కువ. పులిహోర ఎలాగూ నిలవుంటుంది. పెరుగన్నం పులవకుండా ఉండాలంటే పొద్దున్నే అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలపండి, తినేవేళకి సరిగ్గా తోడుకుంటుంది. తెల్లబట్టలు వద్దు. మట్టి అంటితే వెంటనే తడపకండి, ఆరాక దులిపి, మరక మిగిలితే నిమ్మచెక్కతో ఉప్పు రుద్ది, కాసేపు ఎండలో ఉంచి ఉతకండి.