సంతకాల సరదా తీరిపోయింది!

దసరాకి ముందు ఇల్లు దులపడం మన ఆడవాళ్ళందరికీ అలవాటే కదా! పోచారంలో మా ఇంట్లోనూ మొన్న ఆ కార్యక్రమం పెట్టుకున్నాను. అటక మీంచి ఆవకాయ జాడీలు, పాత ఇత్తడి బిందె, పిల్లల ఉయ్యాల తాళ్ళు ఒక్కొక్కటే దింపుతుంటే వాటి వెనకాల బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి బయటపడింది. మూత తీస్తే నా ఆటోగ్రాఫ్ పుస్తకాలు. ఒకటి కాదు, నాలుగు!

"అబ్బో, ఎన్ని సంతకాలో! ఎందుకు మానేశారత్తయ్యా?" అంది మా కోడలు.

"తీరిక లేకమ్మా" అన్నాను.

ఎవరడిగినా చాలా ఏళ్ళుగా ఇదే జవాబు చెబుతున్నాను. పచ్చి అబద్ధం! చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని, ఇంట్లో మంచాన ఉన్న అత్తగారికి మందులిచ్చి, రవీంద్రభారతికి పరుగెత్తినదాన్ని. ఇప్పుడు తీరిక లేకపోవడమేమిటి? సరదా పోయింది. అదీ అసలు సంగతి. మొదలుపెట్టిన అల్లిక సగంలో వదిలేస్తే తప్పు చేసినట్టు దాచేస్తామే, అలాగే ఈ సంగతీ దాచుకుంటూ వచ్చాను.

మా పుట్టిల్లు నాచారం. ఎన్.టి.రామారావుగారి రామకృష్ణా స్టూడియో మా ఇంటికి నడిచివెళ్ళే దూరం. 'దానవీరశూరకర్ణ' 1977 సంక్రాంతికి విడుదలయ్యేనాటికి నాకు పన్నెండేళ్ళు. ఇక చూడండి నా పిచ్చి! సెలవొస్తే చాలు, స్టూడియో గేటు దగ్గర పడిగాపులు. ఒక్కదాన్నీ పంపరు కాబట్టి అమ్మ తోడు. పాపం, ఆవిడకి సినిమాల గొడవే పట్టదు. గోడ నీడన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ ఉండేది. కారు అద్దం కిందికి దిగిందా, ఆ రోజు మాకు పండగే. దిగలేదా, మళ్ళీ ఆదివారం. అలా దొరికినవి చాలామట్టుకు చిన్న వేషాలవాళ్ళ సంతకాలే. అయినా నాకు అవే రత్నాలు.

పదో తరగతి చివరి రోజుల్లో గులాబి, పసుపు, లేతనీలం కాగితాల పుస్తకం మీరూ కొనే ఉంటారు. స్నేహితురాళ్ళంతా అందులో కవిత్వాలు గిలికి, కన్నీళ్ళు పెట్టుకుని, జన్మలో మర్చిపోమని ఒట్లు పెట్టుకున్నాం. 2004లో రవితేజ 'నా ఆటోగ్రాఫ్ స్వీట్ మెమొరీస్' వచ్చినప్పుడు మా ఈడువాళ్ళకి ఆ పేరే సగం కథ చెప్పేసింది.

పెళ్ళయ్యాక సరదా ఇంకా పెరిగింది. కచేరీలు, నాటకాలు, పుస్తకావిష్కరణలు... ఎక్కడ పెద్దవాళ్ళుంటే అక్కడ నేనూ, నా చేతిసంచీలో పుస్తకమూ! 2005 నవంబరులో ఉప్పల్ స్టేడియంలో మొట్టమొదటి వన్డే మ్యాచ్ జరిగినప్పుడు మా అబ్బాయి వంకతో అక్కడికీ వెళ్ళాను. క్రికెట్‌లో ఓనమాలు రావు. సంతకమూ దొరకలేదు. అయినా ఉత్సాహం తగ్గలేదు.

మరి ఎక్కడ తగ్గింది? చెబుతాను, మీరు నన్ను తిట్టుకున్నా సరే.

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఓ పెద్ద గాయనికి సన్మానం జరిగింది. పేరెందుకులెండి. ఎనభై దాటిన మనిషి. సభ అయిపోగానే అందరూ వేదిక మీదికి ఎగబడ్డారు. నేనూ మోచేతులతో దారి చేసుకుని వెళ్ళి పుస్తకం చాచాను. ఆవిడ కలం పట్టుకున్నారు. చెయ్యి వణుకుతోంది. మొదటి అక్షరం సగంలోనే కలం జారిపోయింది. నేనే వంగి తీసి మళ్ళీ చేతికిచ్చాను. వెనకనుంచి తోపులాట, "త్వరగా కానివ్వండమ్మా" అని కేకలు. ఆవిడ నుదుట చెమట. అలా నాలుగక్షరాలు పూర్తి చేసి, "బాగా రాలేదమ్మా, ఏమనుకోకు" అన్నారు.

ఏమనుకోకు అని ఆవిడ నాకు చెప్పాలా? నేను ఆవిడకి చెప్పాలా? ఆ పాటలు వింటూ పెరిగినదాన్ని. ఒక్క నమస్కారం పెట్టి, మీ పాట మా ఇంట్లో ఫలానా రోజున విన్నామండీ అని ఒక్క మాట చెప్పి వచ్చేస్తే ఎంత బాగుండేది! బస్సులో ఆ పేజీ విప్పి చూడ్డానికి మనసొప్పలేదు. మళ్ళీ ఆ పుస్తకం సంచీలో పెట్టుకోలేదు. ఇప్పుడందరూ సంతకం బదులు సెల్ఫీలంటున్నారు. పద్ధతి మారిందిగానీ ఆ తోపులాట ఎక్కడా తగ్గలేదు.

గాంధీగారు తన సంతకానికి అయిదు రూపాయలు పుచ్చుకుని హరిజన నిధికి జమ చేసేవారు. అలా ఇచ్చి పుచ్చుకున్నప్పుడు ఇద్దరి చేతిలోనూ ఏదో ఒకటి మిగులుతుంది. నేను ఇన్నేళ్ళూ పుచ్చుకోవడమేగాని ఎవరికేమిచ్చాను?

సరే, కోడలు అడిగింది కదా అని నాలుగు పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాం. "ఇదెవరిదత్తయ్యా?" అంటుంది. నేను తెల్లమొహం వేస్తాను. సగానికి సగం ఎవరివో నాకే తెలీదు! సుడులు తిరిగిన గీతలు తప్ప అక్షరాలేవీ? పై వాటా ఆవిడ వచ్చి, "ఇవి కొనేవాళ్ళుంటారండీ, అమ్మేయండి" అని సలహా ఇచ్చింది. పేరు తెలియని గీతల్ని ఎవరు కొంటారమ్మా అన్నాను. తెలిసినవాటిని అమ్మడానికి నాకు మనసు రాలేదు.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి పుస్తకాలో, పెద్దవాళ్ళ ఉత్తరాలో ఉంటే నేను చేసిన పొరపాట్లు చెయ్యకండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ రాశారో పేజీ మూలన పెన్సిల్‌తో అప్పుడే రాసిపెట్టుకోండి. పెన్సిలయితే కాగితాన్ని పాడుచెయ్యదు. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి, కొన్నాళ్ళకి పచ్చబడి మరక దిగుతుంది. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే, ఆ వేడికీ జిగురుకీ కాగితం పాడవుతుంది, మళ్ళీ విడదీయలేం. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే సిరా దానికే అంటుకుపోతుంది. ఫ్రేము కట్టించి ఎండపడే గోడకి తగిలిస్తే రంగు వెలిసిపోతుంది. ఉతికి ఆరబెట్టిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి, బాగా ఎండిన వేపాకు పక్కన పెట్టి, తేమ తగలని అరలో పడుకోబెట్టండి. వానాకాలం వెళ్ళగానే ఒకసారి తీసి, పురుగు పట్టిందేమో చూసుకోండి.

ఇవన్నీ కోడలికి చెబుతూ మొదటి పుస్తకం చివరి పేజీ తిప్పానో లేదో, ఆగిపోయాను. పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాలు. చాకలి పద్దు! పంచెలు 4, చీరలు 5, చొక్కాలు 4, దుప్పట్లు 2, దిండు గలేబులు 2. మొత్తం 17. కింద, 'తువ్వాలు ఒకటి రాలేదు, అడగాలి' అని.

అమ్మ రాసింది. చేతికి కాగితం దొరక్క నా ఆటోగ్రాఫ్ పుస్తకంలో రాసేసిందని ఆ రోజు ఎంత యాగీ చేశానో! రెండు పూటలు అన్నం తినలేదు. చెరిపెయ్యబోతే రబ్బరు దొరకలేదు కాబట్టి బతికిపోయింది ఆ పేజీ. ఉన్న ఊళ్ళోనే కాపురం కావడంతో అమ్మ నాకెప్పుడూ ఉత్తరం రాయలేదు. ఆవిడ పోయాక ఇంట్లో ఎంత వెతికినా చేతిరాత ముక్క ఒక్కటీ దొరకలేదు. గేటు దగ్గర అన్ని ఆదివారాలు నా పక్కన కూర్చున్న మనిషిని ఒక్క సంతకం అడగాలని నాకు తోచనే లేదు చూడండి!

సంతకాన్ని మన పాతవాళ్ళు చేవ్రాలు అనేవారు. అంటే చేత్తో రాసిందన్నమాట. ఆ లెక్కన చాకలి పద్దు కూడా చేవ్రాలే.

సరదా తిరిగొచ్చిందా అని అడక్కండి. రాలేదు. రావాలని కూడా లేదు. ముప్ఫై ఏళ్ళు సంతోషం ఇచ్చింది, తీరిపోయింది, అంతే. ఈసారి ఎవరైనా ఎందుకు మానేశావంటే తీరిక లేదని మాత్రం చెప్పను. కోడలు ఆ పేజీ మూలన పెన్సిల్‌తో అమ్మ పేరు, ఊరు రాసి, "సంవత్సరం ఎంత వెయ్యమంటారు?" అంది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తువ్వాలు దొరికిందో లేదో కూడా!